బండి కింద వేలాడే స్టెప్నీని దించడం, తిరిగి బిగించడం

ఇన్నోవా, ఫార్చ్యూనర్, స్కార్పియో, ఎర్టిగా వంటి బళ్ళలో స్టెప్నీ డిక్కీ లోపల ఉండదు. వెనక బంపరుకు కాస్త ముందు, బండి అడుగుకు కరుచుకుని వేలాడుతూ ఉంటుంది. మూడో వరుస సీట్లకు, వాటి వెనక సామానుకు చోటు మిగల్చడానికి చేసిన ఏర్పాటు ఇది. చోటు కలిసివచ్చిన మాట నిజమే కానీ, రోడ్డు మీది నీరూ బురదా కంకరా ఏళ్ళ తరబడి ఆ చక్రానికీ, దాన్ని మోసే గొలుసుకూ తగులుతూనే ఉంటాయి. కంటికి ఎదురుగా కనబడదు కనుక యజమానికి అది గుర్తుండదు. బండి కొన్ననాటి నుంచి ఒక్కసారైనా దించి చూడని స్టెప్నీ, తీరా అవసరపడిన రాత్రి దిగిరానని మొరాయిస్తే దాని తప్పేమీ లేదు. కాబట్టి ఈ పనిని మొదటిసారి ఇంటి ముందే, వెలుతురు ఉండగా, తొందర లేని రోజున చేసి చూసుకోవాలి.

స్టెప్నీ అన్న మాట మన పంక్చర్ షాపుల్లో పుట్టినట్టే వినిపిస్తుంది గానీ, అది 1904లో వేల్స్ నుంచి బయలుదేరింది. అక్కడి లనెల్లీ పట్టణంలో థామస్ మోరిస్ డేవీస్, వాల్టర్ డేవీస్ అనే అన్నదమ్ములు పంక్చరైన చక్రానికి పక్కనుంచి తగిలించి బిగించే అదనపు చక్రాన్ని తయారుచేశారు. వారి దుకాణం స్టెప్నీ స్ట్రీట్‌లో ఉండటం వల్ల ఆ వస్తువుకు ఆ పేరు పడింది. పుట్టినచోట ఆ మాట దాదాపు మరుగున పడింది, మన దగ్గర మాత్రం నిక్షేపంగా ఉంది.

ముందుగా మీ బండిలో ఉన్న ఏర్పాటు ఏ రకమో చూసుకోవాలి

పెద్ద బళ్ళలో ఎక్కువగా కనిపించేది వించ్ పద్ధతి. బండి అడుగున చిన్న గేరుపెట్టె ఉంటుంది. దాని నుంచి ఒక గొలుసో, ఇనుప కేబులో కిందికి దిగుతుంది. ఆ గొలుసు కొసన అరచేతిలో సగం ఉండే ఇనుప ప్లేటు ఒకటి వేలాడుతూ, చక్రం నడిమి రంధ్రంలోంచి దూరి, అడుగువైపున అడ్డంగా నిలిచి, మొత్తం బరువును మోస్తుంది. వెనకవైపు ఉన్న రంధ్రంలోంచి జాకీ రాడ్డును పొడిగించి దూర్చి తిప్పితే గేరుపెట్టె గొలుసును వదులుతుంది, లేదా చుట్టుకుంటుంది. ఆ రంధ్రం కొన్ని బళ్ళలో డిక్కీ అంచున ప్లాస్టిక్ మూత కింద, కొన్నింటిలో బంపరులో, ఇంకొన్నింటిలో నంబరు ప్లేటు సమీపంలో ఉంటుంది. బండితో వచ్చిన పుస్తకంలో ఒక్క బొమ్మ చూస్తే తెలిసిపోయే విషయం ఇది. ఆ పుస్తకం ఇంట్లో బీరువాలో కాకుండా బండిలోనే ఉండాలి.

రెండో రకంలో డిక్కీ అడుగున ఒక బోల్టు తల కనిపిస్తుంది. వీల్ స్పానరుతో దాన్ని వదులు చేస్తే కింద చక్రాన్ని మోసే ఏర్పాటు దిగుతుంది. చిన్న సరుకు బళ్ళలో, పికప్ బళ్ళలో కనిపించే మూడో రకంలో చక్రం ఇనుప చట్రంలో పడుకుని ఉంటుంది. ఆ చట్రానికి ఒక వైపు మడతబందు, మరో వైపు కొక్కెమో నట్టో ఉంటాయి. ఈ మూడో రకంతో ఒక జాగ్రత్త అవసరం: కొక్కెం తప్పించిన క్షణంలోనే చట్రమూ చక్రమూ కలిసి బరువంతా చేతి మీదికి వస్తాయి కనుక, ఒక చేత్తో చట్రాన్ని కాస్త పైకెత్తి పట్టుకున్నాకే కొక్కెం తప్పించాలి. ఇక్కడి నుంచి రాసేది ప్రధానంగా వించ్ పద్ధతి గురించే, ఎందుకంటే తిప్పలు ఎక్కువగా అందులోనే ఉన్నాయి.

దించే పద్ధతి

బండిని చదునైన, గట్టి నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, మాన్యువల్ బండి అయితే గేరులో వేసి, ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో పెట్టి, పంక్చర్ కాని చక్రాలలో ఒకదానికి ముందూ వెనకా రాళ్ళు ఆనించాలి. రోడ్డు మీద ఉంటే హజార్డ్ లైట్లు వేసి, ఎర్ర త్రికోణాన్ని కనీసం యాభై మీటర్ల వెనక నిలబెట్టి, ప్రయాణికులందరినీ రెయిలింగుకు అవతలికి పంపాలి. స్టెప్నీ దించే మనిషి బండి వెనక, వచ్చే వాహనాలకు వీపు పెట్టి వంగవలసి వస్తుంది. ఇది పక్కనుంచి చక్రం మార్చడం కంటే ప్రమాదకరమైన స్థానం. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి వంటి చోట్ల పంక్చరైన టైరుతోనే నెమ్మదిగా నాలుగు వందల మీటర్లు నడిపి పెట్రోలు బంకు ఆవరణలోకో, లారీలు ఆగే స్థలంలోకో చేరడం మేలు. టైరు పాడవుతుంది, రిమ్ము కూడా పాడు కావచ్చు. ఆ నష్టాన్ని భరించవచ్చు. అలా చేరే చోటు దగ్గరలో లేకపోతే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను చేయడంలో నామోషీ ఏమీ లేదు.

జాకీ, రాడ్డు ముక్కలు, వీల్ స్పానరు బయటికి తీసి, రాడ్డు ముక్కలను ఒకదానితో ఒకటి గట్టిగా కూర్చాలి. మధ్యలో కీలు సరిగా కూర్చోకపోతే తిప్పుతున్నప్పుడు లోపలే విడిపోయి, ముందు ముక్క బండి అడుగున ఉండిపోతుంది. రాడ్డు కొసను రంధ్రంలోంచి పంపి, వించ్ చెవికి, అంటే రాడ్డు కొస కూర్చునే గూటికి, అది తగిలే వరకు చిన్నగా అటూ ఇటూ కదిలించాలి. తగిలినప్పుడు చేతికి తెలుస్తుంది: అప్పటిదాకా వదులుగా ఆడుతున్న రాడ్డు ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆ చెవిలో మట్టి గడ్డకట్టి ఉంటే రాడ్డు సగమే కూర్చుంటుంది. సగం కూర్చున్న రాడ్డుతో బలంగా తిప్పితే చెవి అంచులు అరిగి గుండ్రబడతాయి. ఆపైన గేరుపెట్టె మొత్తం మార్చుకోవలసిందే. సన్నని పుల్లతో మట్టి కెలికి, కాసిన్ని నీళ్ళు పోసి శుభ్రం చేసి మళ్ళీ ప్రయత్నించాలి.

అప్పుడు రాడ్డును అపసవ్య దిశలో, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా, నిదానంగా తిప్పాలి. సాధారణంగా దించే దిశ అదే. మొదటి నాలుగైదు చుట్లు బరువుగా ఉంటాయి, తరువాత తేలికపడతాయి. చక్రం నేలను తాకిన తరువాత గొలుసు వదులు కావడానికి మరికొన్ని చుట్లు చాలు. గొలుసు అయిపోయాక కూడా అదే దిశలో తిప్పుతూ పోతే అది లోపల తిరగబడి చుట్టుకోవడం మొదలవుతుంది. కనుక ప్లేటు తప్పించడానికి సరిపడా వదులు రాగానే ఆపాలి.

చక్రాన్ని చేత్తో గాని, రాడ్డు కొక్కెంతో గాని బయటికి లాగి, ప్లేటును ఏటవాలుగా వంచి నడిమి రంధ్రంలోంచి పైకి తప్పించాలి. తప్పించే ముందు ఫోనుతో రెండు ఫొటోలు తీసుకోవాలని నా సలహా: ఒకటి చక్రం ఏ ముఖం పైకి ఉందో, వాల్వు ఎటు ఉందో కనిపించేలా, మరొకటి ప్లేటు ఎలా కూర్చుందో కనిపించేలా. ఒక బండిలో లోపలి ముఖం పైకి ఉండాలి, ఇంకొక బండిలో అందుకు విరుద్ధం; గంట తరువాత, చెమటలు పట్టిన స్థితిలో, అది గుర్తుండదు. బండి అప్పటిదాకా నడిచి వచ్చింది కనుక పక్కనే ఉన్న సైలెన్సరు గొట్టం చెయ్యి కాలేంత వేడిగా ఉంటుందని కూడా మరవకూడదు.

స్టెప్నీని దించే పనంతా జాకీ ఎత్తకముందే పూర్తి కావాలి. జాకీ మీద నిలిచిన బండి కింద చెయ్యి పెట్టి గొలుసు లాగడం ఏ పరిస్థితిలోనూ తగదు. వెనక చక్రమే పంక్చరై బండి బాగా కుంగి, స్టెప్నీ బంపరు కింద ఇరుక్కుని బయటికి రాకపోతే, అది వచ్చేంత మేరకు మాత్రం జాకీతో ఎత్తి, శరీరాన్ని బయటే ఉంచి, రాడ్డు కొక్కెంతో లాగాలి. బయటికి వచ్చిన స్టెప్నీని, చక్రం మార్చడం మొదలుపెట్టే ముందు, జాకీ పక్కన బండి తలుపు గుమ్మం కింద పడుకోబెట్టి ఉంచితే, జాకీ జారినా బండి ఆ టైరు మీద ఆగుతుంది. విప్పిన పంక్చర్ చక్రాన్ని స్టెప్నీ ఉన్న ఆ చోటికి జరిపితే సరిపోతుంది. నట్లను నేల మీద ఉండగానే సగం చుట్టు వదులు చేయడం, తిరిగి బిగించేటప్పుడు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నవాటిని వరుస మార్చి బిగించడం చాలామందికి తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు.

గొలుసు వదులైనా చక్రం దిగకపోతే

కొన్నేళ్ళ క్రితం భీమవరం వైపు ఒక పెళ్ళికి వెళ్తూ రాత్రి పది దాటాక మా బావమరిది బండికి పంక్చర్ అయింది. ఆ దారుల్లో చేపల, రొయ్యల లారీల నుంచి కారే ఉప్పునీరు ఏడాది పొడవునా రోడ్డును తడుపుతూనే ఉంటుంది. రాడ్డు తిప్పితే గొలుసు గలగలమంటూ వదులవుతున్నది గానీ చక్రం అంగుళం కూడా కదలలేదు. ఏమైందో చూద్దామని ఆయన నేల మీద బోర్లా పడుకుని, ఫోను లైటు వేసి, చేతిని లోపలికి చాపాడు. నేను కాలు పట్టి వెనక్కి లాగాను. ఆయన చెయ్యి బయటికి వచ్చిన మరుక్షణం చక్రం దభీమని పడింది. అది పడినచోట తారు మీద మట్టి పెళ్ళలు గుండ్రంగా రాలాయి.

జరిగిందేమిటంటే, గొలుసు కొసనున్న ప్లేటూ, రిమ్ము రంధ్రమూ, పైనున్న ఆనుడు దిమ్మలూ తుప్పుతోనూ ఎండిన బురదతోనూ అతుక్కుపోయాయి. గొలుసు బరువు మోయడం మానేసినా ఆ అతుకు చక్రాన్ని పట్టుకుని ఉంది. ఇరవై కిలోల చుట్టూ ఉండే వస్తువు ఎప్పుడు ఊడుతుందో తెలియని స్థితి అది. అటువంటప్పుడు కింద తల గాని చెయ్యి గాని పెట్టకుండా, రాడ్డును మళ్ళీ సవ్య దిశలో తిప్పి గొలుసును బిగించాలి, మళ్ళీ వదలాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే అతుకు వీడుతుంది. అయినా కదలకపోతే గొలుసును నాలుగైదు అంగుళాలు మాత్రమే వదులు చేసి ఉంచి, బయట నిలబడి, పొడవాటి కర్రతో టైరు పక్కభాగాన్ని ఒకే చోట కాకుండా చుట్టూ పొడవాలి. గొలుసు కొద్దిగానే వదులై ఉంటుంది కనుక ఊడినా చక్రం నేల దాకా పడదు, మధ్యలోనే ఆగుతుంది. మేము ఆ రాత్రి గొలుసు మొత్తం వదిలేసి ఉండటమే చేసిన పొరపాటు.

రాడ్డే తిరగకపోతే సంగతి వేరు. గేరుపెట్టె లోపల తుప్పు పట్టిందన్నమాట. తుప్పు వదిలించే స్ప్రేను వించ్ చెవి చుట్టూ, గొలుసు పైకి వెళ్ళే రంధ్రంలోకి కొట్టి, పావుగంట ఆగి, ముందు బిగించే దిశలో కాస్త, తరువాత వదిలే దిశలో కాస్త కదిలించాలి. రాడ్డుకు పైపు తొడిగి బలం పెంచడం గాని, టైర్ల షాపులో నట్లు విప్పే గాలి మిషను తగిలించడం గాని చేయకూడదు. ఆ మిషను దెబ్బలకు గేరు పళ్ళు విరగడం సులువు. షాపు కుర్రవాడు వేగంగా అయిపోతుందని దాన్ని అందుకుంటే, చేత్తోనే తిప్పమని అడగడానికి మొహమాటపడవద్దు.

తిరిగి ఎక్కించి బిగించడం

దించడంలో పొరపాటు జరిగితే నష్టపోయేది మనమే. ఎక్కించడంలో జరిగితే మన వెనక మోటారు సైకిలు మీద వచ్చే మనిషి. హైవే మీద ఊడిపడిన చక్రం దొర్లుతూ పోయి ఎవరి ముందు ఆగుతుందో చెప్పలేం. అందువల్ల ఈ భాగాన్ని తొందరలో చేయకూడదు.

పంక్చరైన చక్రాన్నే కింద తగిలించబోతున్నప్పుడు రెండు విషయాలు చూడాలి. మొదటిది, అది అల్లాయ్ చక్రమైతే మధ్యనున్న కంపెనీ గుర్తు మూతను లోపలివైపు నుంచి నెట్టి తీసివేయాలి. మూత ఉంటే ప్లేటు దూరదు. మూత తీసినా రంధ్రం సైజు తేడాగా ఉండి ప్లేటు నిండుగా ఆనకపోవచ్చు. బయట కొన్న అల్లాయ్‌లలో ఇది తరచుగా ఎదురవుతుంది. అలా ఆనకపోతే ఆ చక్రాన్ని కింద తగిలించే ఆలోచన మానుకుని డిక్కీలోనే వేసుకోవాలి. రెండవది, గాలి లేని టైరు మెత్తగా ఉంటుంది కనుక బిగించినప్పుడు గట్టిగా ఉన్నట్టే అనిపించి, గతుకుల మీద నడిచాక వదులవుతుంది. చోటు ఉంటే దాన్ని లోపల పడుకోబెట్టి, పంక్చర్ వేయించి గాలి నింపాకే కిందికి ఎక్కించడం నా పద్ధతి. సీటు మీద మట్టి పడుతుందని ఇంట్లోవాళ్ళు గొణిగినా సరే.

చక్రాన్ని ఫొటోలో ఉన్న ముఖమే పైకి వచ్చేలా బంపరు కింద నేల మీద పడుకోబెట్టి, ప్లేటును ఏటవాలుగా రంధ్రంలోంచి దూర్చి, అవతలికి వెళ్ళాక అడ్డంగా తిప్పి, రంధ్రం అంచుల మీద అన్ని వైపులా సమంగా ఆనేలా సర్దాలి. ఇక్కడే అసలు జాగ్రత్త. ప్లేటు ఒక అంచు మీద ఏటవాలుగా ఇరుక్కున్నా గొలుసు బిగుసుకుంటుంది, చక్రం పైకి లేస్తుంది, చూడటానికి అంతా సవ్యంగానే ఉంటుంది. కొన్ని కిలోమీటర్ల కుదుపుల తరువాత ప్లేటు జారి తిన్నగా అవుతుంది, గొలుసులో అరంగుళం వదులు పుడుతుంది, చక్రం ఊగడం మొదలవుతుంది. కాబట్టి చక్రం నేల నుంచి జానెడు లేచేదాకా తిప్పి, అక్కడ ఆగి, పక్కకు వంగి, అది వంకర లేకుండా నేలకు సమాంతరంగా వేలాడుతున్నదో లేదో చూడాలి. ఒక వైపు వాలి ఉంటే మళ్ళీ దించి ప్లేటును సరిచేయాలి. గొలుసు మెలిపడి ఉన్నా అంతే.

తరువాత సవ్య దిశలో నిదానంగా తిప్పుతూ పోతే చక్రం దిమ్మలకు ఆనుతుంది, రాడ్డు బరువెక్కుతుంది. కొన్ని బళ్ళ వించ్‌లలో అవసరమైనంత బిగిశాక టక్కుమని శబ్దం వచ్చి రాడ్డు జారుతుంది. అది లేని బళ్ళలో చేతి బలమే కొలత. రెండు చేతులతో గట్టిగా తిప్పినప్పుడు ఇక కదలనంత వరకు బిగించి, ఆపై మరింత బలం పెట్టకుండా ఆపాలి. అప్పుడు రాడ్డు తీసివేసి, బంపరు కిందనుంచి టైరును పట్టుకుని ముందుకూ వెనక్కూ, ఆ తరువాత పక్కలకూ బలంగా కుదపాలి. చక్రంతో పాటు బండి ఊగాలి తప్ప చక్రం విడిగా కదలకూడదు. విడిగా కదిలినా, లోపల ఏదైనా గలగలమన్నా, దించి మళ్ళీ మొదలుపెట్టాలి. పది కిలోమీటర్లు నడిపాక ఒకసారి, ఆ ప్రయాణం ముగిశాక ఒకసారి అదే విధంగా కుదిపి చూడటం మంచిది. రాడ్డు దూర్చే రంధ్రానికి మూత ఉంటే దాన్ని తప్పక బిగించాలి.

గాలి, తుప్పు, దొంగలు

కిందనున్న టైరులో గాలిని ఎవరూ చూడరు. ప్రతి టైరూ నిలిచి ఉన్నా నెలనెలా కొంత గాలి పోగొట్టుకుంటుంది కనుక, రెండేళ్ళుగా ముట్టని స్టెప్నీ దించేసరికి సగం గాలితో ఉండటం మామూలే. పుస్తకంలో చెప్పిన దానికంటే మూడు నాలుగు పౌండ్లు ఎక్కువగా నింపి ఉంచితే కొంత వెసులుబాటు ఉంటుంది. వాడేటప్పుడు ఎక్కువైన గాలి తీసేయడం తేలిక, లేని గాలి నింపడం కష్టం. బండి చార్జింగ్ సాకెట్టుకు తగిలించే చిన్న గాలి పంపు ఉంటే ఆ కష్టమూ తీరుతుంది. దించినప్పుడు టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల తయారీ గుర్తు చూడాలి: 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఒక్క కిలోమీటరు తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. పదేళ్ళు నిండినదాన్ని నమ్ముకోకూడదు. స్టెప్నీ మిగతా చక్రాల కంటే చిన్న సైజుదై, దాని మీద గంటకు ఎనభై కిలోమీటర్లకు మించవద్దని ముద్రించి ఉంటే, అది పంక్చర్ షాపు దాకా చేర్చడానికి మాత్రమే.

ఆరు నెలలకొకసారి, వానాకాలం ముగిశాక తప్పనిసరిగా, స్టెప్నీని పూర్తిగా దించి, గొలుసును ఇనుప బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆరాక గ్రీజు పూయాలి. ప్లేటుకూ, రిమ్ము రంధ్రం అంచుకూ కూడా పలచగా పూస్తే మా బావమరిది బండిలా అతుక్కుపోదు. గొలుసులో ఒక్క లింకు సన్నబడి కనిపించినా, కేబులులో ఒక్క తీగ తెగి బయటికి వచ్చినా మార్పించాలి. కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్ర తీర పట్టణాల్లో ఉండేవారు ఆరు నెలలు అన్నదాన్ని మూడు నెలలుగా చదువుకోవాలి.

కొత్త బండి కొనేవారు ఇంకొక విషయం చూసుకోవాలి. టైరు గాలిని కనిపెట్టే పరికరమూ, ట్యూబ్‌లెస్ టైర్లకు పంక్చర్ వేసే కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కరలేదని 2020లో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించారు. కాబట్టి షోరూములో వంగి కిందికి చూడటం మర్యాద తక్కువ పని కాదు.

ఇక దొంగల సంగతి. ఒకే రకం బళ్ళన్నింటికీ రాడ్డు ఒకటే కనుక, వీధిలో నిలిపిన బండి స్టెప్నీని దించుకుపోవడానికి రెండు నిమిషాలు చాలు. రాడ్డు లేనివాడు గొలుసు కత్తిరిస్తాడు. రాడ్డు రంధ్రాన్ని మూసే తాళం రాడ్డుతో వచ్చే దొంగకే అడ్డుపడుతుంది. రిమ్ములోంచి ఛాసిస్‌కు కట్టే మందపాటి గొలుసూ తాళమూ ఉంటే ఇద్దరికీ కొంత ఆటంకం. అయితే ఆ తాళం కూడా అదే బురదలో ఉంటుంది, అలాగే తుప్పు పడుతుంది; గొలుసుకు గ్రీజు పూసే రోజునే దానిలో రెండు చుక్కల నూనె వేసి, తీసి, వేసి చూడాలి. దాని చెవిని ఇంట్లో కొక్కేనికి తగిలించకుండా బండి తాళం చెవుల గుత్తికే ఉంచి, బండిని డ్రైవరుకు గాని చుట్టాలకు గాని ఇచ్చేటప్పుడు ఆ చెవి దేనిదో చెప్పి ఇవ్వాలి.